మా మెట్టని తవ్వే ముందు ఒక వానాకాలం ఆగి చూడండి: జిల్లా అధికారులకు బహిరంగ లేఖ

శ్రీకాకుళం జిల్లా కలెక్టర్ గారికి, గనుల శాఖ, అటవీ శాఖ, కాలుష్య నియంత్రణ మండలి అధికారులకు,

నమస్కారం. సూటిగా విషయానికి వస్తాను. ఉద్దానంలో మా ఊరి మెట్టకి, అంటే ఊరి పక్కనున్న చిన్న కొండకి, ఒక పక్క ఎప్పటినుంచో గ్రావెల్ క్వారీ నడుస్తోంది. ఇప్పుడు దాన్ని రెండో పక్కకి కూడా పెంచడానికి దరఖాస్తు పెట్టారు. ఊరి పేరు, లీజుదారు పేరు ఇక్కడ రాయడం లేదు. ఫైలు మీ టేబుల్ మీదే ఉంటుంది, పేర్లు అందులో చూసుకోవచ్చు. ఇక్కడ రాస్తే ఇది ఫలానా వాళ్ళకీ ఫలానా వాళ్ళకీ మధ్య తగువైపోయి అసలు సంగతి మూలన పడుతుంది. మేం అడిగేది ఒక్కటే. అనుమతి ఇచ్చే ముందు ఆ మెట్ట మీద ఏమేం బతుకుతున్నాయో, వాటిలో అంతరించిపోయే ప్రమాదంలో ఉన్నవి ఏవో, సరైన కాలంలో, రాత్రుళ్ళు కూడా తిరిగి, పని తెలిసినవాళ్ళతో సర్వే చేయించండి. ఆ తర్వాతే సంతకం పెట్టండి.

గ్రావెల్ అసలే వద్దనే మనిషిని కాను. మూలపేట పోర్టుకి కావాలి, పక్క జిల్లాలో భోగాపురం ఎయిర్‌పోర్టు చుట్టూ రోడ్లకి కావాలి, లేఅవుట్లు మెరక చెయ్యాలన్నా, ఊళ్ళో బురద రోడ్డు బాగుపడాలన్నా అదే కావాలి. మా ఇంటి పునాదిలో పోసిందీ ఆ మెట్ట గ్రావెలే. టిప్పర్ల మీద, పొక్లెయిన్ల మీద బతికే కుర్రాళ్ళు మా ఇళ్ళలోనే ఉన్నారు. కాబట్టి ఈ ఉత్తరం చదివి "అభివృద్ధికి అడ్డం పడుతున్నారు" అనే మాట దయచేసి వాడకండి, ఆ మాట విని విని చెవులు తూట్లు పడ్డాయి.

ఇక నివేదిక సంగతి. దరఖాస్తుతో పాటు కన్సల్టెంట్ రాసిచ్చిన కాగితాల్లో జంతుజాలం అని ఒక భాగం ఉంది. కాకి, గోరింక, పిచ్చుక, ఉడుత, తొండ, ఊరకుక్క, గేదె అని ఒక పట్టిక వేసి, దాని కింద "ఈ ప్రాంతంలో అంతరించిపోతున్న జాతులేవీ లేవు" అని ఒక్క వాక్యం రాశారు. గేదె మా మెట్ట ఎక్కదు సార్, కిందున్న చెరువు దాటి పైకి రాదు. ఆ పట్టిక వేరే ఎక్కడిదో తెచ్చి అతికించారని మా అనుమానం, అయినా ఆ తగువు పక్కన పెడదాం. నిజంగానే వచ్చి చూశారనుకుందాం. వచ్చింది ఎండాకాలంలో, చూసింది పట్టపగలు. మా ఊళ్ళో మేకలు కాసే తాత ఒకాయనకి ఈ పట్టిక చదివి వినిపిస్తే ఆయన అన్నది ఒకటే మాట: "రాత్రి తిరిగేవాటిని పగలొచ్చి ఎతికితే ఏటి దొరుకుతాది బాబూ?"

ఆ తాతకి తెలిసినది రూల్స్ రాసినవాళ్ళకి తెలియదా అంటే, తెలిసే ఉండాలి, కానీ రూల్లోనే ఒక బొక్క ఉంది. గనుల ప్రాజెక్టులకి కేంద్ర పర్యావరణ శాఖ ఇచ్చే ప్రామాణిక విధివిధానాల్లో గాలి, నీరు, శబ్దం, మట్టి, వృక్షాలు, జంతువులు అన్నిటికీ కలిపి ఒక్క సీజన్ వివరాలు చాలు, అది కూడా వానాకాలం కాని సీజన్ అని ఉంటుంది. దుమ్ము కొలవడానికి అది సరే, వానలో దుమ్ము లేవదు కదా. కానీ అదే లెక్క ప్రాణులకి పెడితే ఎలా? మట్టిలో దాక్కునే కప్పలు తొలకరికి తప్ప బయటికి రావు. పాములు, ఉడుములు, బల్లుల సందడంతా వాన పడ్డాకే. మే నెలలో మా మెట్ట చూస్తే ఎండిన పొదలు, ఎర్రమట్టి తప్ప ఏమీ కనిపించదు. జూలైలో రాత్రి ఎనిమిదికి టార్చి పట్టుకుని వెళ్తే అదే మెట్టా కాదా అన్నట్టుంటుంది. ఒక్క సీజన్ అన్నది కనీసం అంతైనా ఉండాలని పెట్టినదే, అంతకు మించి చెయ్యకూడదని ఎక్కడా లేదు. ఇంకో సీజన్ వివరాలు తెమ్మని అడగండి.

అదే విధివిధానాల్లో మంచి మాట కూడా ఉంది, దాన్నెవరూ పట్టించుకోరు. లీజు భూమిలోను, దాని హద్దు నుంచి పది కిలోమీటర్ల దాకా చుట్టుపక్కలా జీవజాలం మీద వివరంగా అధ్యయనం చెయ్యాలి, అది స్వయంగా తిరిగి చేసిన సర్వే అయ్యుండాలి, జాబితాని ధ్రువీకరించాలి, వన్యప్రాణి చట్టంలో ఏది ఏ షెడ్యూల్లో, అంటే ఏ రక్షణ జాబితాలో, ఉందో చూపించాలి. అన్నిటికన్నా ఎక్కువ రక్షణ ఉన్న షెడ్యూల్ ఒకటిలోది ఏదైనా కనిపిస్తే అటవీ శాఖతో మాట్లాడి దాని రక్షణకి ప్రణాళిక, దానికి డబ్బు కేటాయింపు చూపించాలి. ఇది నేను కొత్తగా కోరుతున్నది కాదు, మీ కాగితాల్లో ఉన్నదే. పది కిలోమీటర్లు అంటే మా దగ్గర ఎంత మేర వస్తుందో మ్యాప్ మీద వృత్తం గీసి చూడండి. కొండ, జీడి తోటలు, చెరువులు, నీరు నిలిచే బీల భూములు అన్నీ పడతాయి. వాటన్నిటికీ కలిపి కాకి, గోరింక, గేదె!

ఇప్పుడు మెట్ట మీద నేను చూసినది చెప్తాను. ఉత్తరం వాలులో, ఇప్పుడు పెంచుతామంటున్న వైపే, చెదపుట్టలు చాలా ఉన్నాయి. నాగుల చవితికి మా ఆడవాళ్ళు పాలు పోసేది వాటిల్లో కిందనున్న రెండు పుట్టలకే, పైవాటి దాకా ఎవరూ వెళ్ళరు. పైనున్న ఒక పుట్ట పక్కన బొరియ ఉంది. నోరు గుండ్రంగా, మనిషి తొడ పట్టేంత వెడల్పు. బయటికి తోసిన ఎర్రమట్టి మెత్తగా, ఇంకా తడి ఆరకుండా ఉంది, దాని మీద ఒక్క ఆకు రాలలేదు, అంటే తవ్వి ఎంతోసేపు కాలేదు. పుట్ట గోడని పక్కనుంచి చీల్చినట్టు గీట్లు, మూడేసి కలిపి, వేలు పెడితే మొదటి కణుపు దాకా దిగేంత లోతు. ఇంకో బొరియ అయితే నోటి దగ్గర లోపల్నుంచే వదులు మట్టితో మూసి ఉంది. అలుగు, అంటే ఒళ్ళంతా పొలుసులుండి చీమలూ చెదలూ తినే పాంగోలిన్, లోపల పడుకున్నప్పుడు అలా మూసుకుంటుందని దాన్ని గమనించినవాళ్ళు రాశారు.

అది అలుగే అని నేను ప్రమాణం చెయ్యను. ఏదుపంది కూడా బొరియ తవ్వుతుంది, ఒకరు తవ్వినదాంట్లో ఇంకొకరు కాపురం పెట్టడమూ మామూలే. తేల్చాల్సింది నేనూ కాదు, ఏసీ కారులో వచ్చిన కన్సల్టెంటూ కాదు. ఆ బొరియ ఎదురుగా మనిషి మోకాలి ఎత్తున ఒక ట్రాప్ కెమెరా కట్టి కొన్ని వారాలు వదిలేస్తే అదే తేలుస్తుంది. పులుల లెక్కకి అటవీ శాఖ వాడే కెమెరాలే ఇవి.

అలుగు అయితే ఏమవుతుందో చెప్తాను. ఇండియన్ పాంగోలిన్‌ని ప్రపంచ ప్రకృతి పరిరక్షణ సంఘం ఐయూసీఎన్ అంతరించే ప్రమాదంలో ఉన్న జాతిగా పెట్టింది. మన 1972 వన్యప్రాణి చట్టంలో అది షెడ్యూల్ ఒకటి. పొలుసుల కోసం వేటాడి దొంగచాటుగా అమ్ముకుంటున్నారని అంతర్జాతీయ వ్యాపారాన్ని పూర్తిగా నిషేధిస్తూ 2016లో దేశాలన్నీ కూర్చుని తీర్మానం చేశాయి. కానుపుకి మామూలుగా ఒక్కటే పిల్ల. పైగా భయమేస్తే పరిగెత్తదు, బంతిలా చుట్టుకుని అక్కడే ఉండిపోతుంది. పులి పంటికి ఆ ఉపాయం పనికొస్తుందేమో కానీ పొక్లెయిన్ బకెట్‌కి పనికిరాదు. పగలు బొరియలో నిద్రపోతున్న జంతువుని మట్టితో కలిపి ఎత్తి టిప్పర్లో పోసేస్తే ఆపరేటర్‌కి కూడా తెలియదు. అతన్ని తప్పుపట్టలేం, అతనికెవరూ చెప్పలేదు.

అలుగు ఒక్కటే కాదు. ఉడుము, కొండచిలువ, నెమలి, ఎలుగుబంటి, ఇవన్నీ షెడ్యూల్ ఒకటిలోనివే. ఉడుముని, నెమలిని మా ఊళ్ళో చంటిపిల్లాడు కూడా చూపిస్తాడు, అయినా పట్టికలో లేవు. అవి అంతరించిపోతున్నాయని నేను అనడం లేదు, చట్టం రక్షణ ఉన్నవి కళ్ళ ముందు తిరుగుతుంటే కూడా రాయనివాళ్ళు, కష్టపడి వెతికితే తప్ప దొరకనిదాన్ని ఎలా రాస్తారని అడుగుతున్నాను.

ఎలుగుబంటి మాట వచ్చింది కాబట్టి కొంచెం ఆగాలి. ఉద్దానంలో ఎలుగు అంటే మాకు టీవీలో చూసే జంతువు కాదు. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగిలో ఏం జరిగిందో మీ రికార్డుల్లో ఉంది. ఎలుగు దాడిలో ఒక రైతు ప్రాణం పోయింది, తర్వాత ఇంకొందరు గాయపడ్డారు, పట్టుకున్న ఎలుగు కూడా బతకలేదు. ఆ తర్వాత చాలాకాలం మా ఆడవాళ్ళు చీకటితో తోటలకి వెళ్ళడం మానేశారు. జీడి పిక్కలు ఏరే రోజుల్లో, పనసపళ్ళు పండే రోజుల్లో ఇప్పటికీ గుంపుగానే వెళ్తారు. తిత్లీ తుపాను 2018 అక్టోబరులో వచ్చి జీడి, కొబ్బరి, పనస చెట్లని పడగొట్టేశాక ఇక్కడి నీడా మారిపోయింది, తిండీ మారిపోయింది, అది మనుషులకీ జంతువులకీ కూడా. ఎలుగుకి చెదలు, చీమలు, పళ్ళు, తేనె కావాలి, పగలు దాక్కోవడానికి బండల సందు, పొద కావాలి. మెట్ట మీద అవి ఉన్నన్నాళ్ళు అది మెట్ట మీద ఉంటుంది. పుట్టలతో సహా వాలు మొత్తం ఎత్తేస్తే అది ఎక్కడికి వస్తుంది? మా తోటల్లోకే. కాబట్టి ఎలుగు ఆ మెట్టని వాడుతోందా, ఏ దారిన దిగుతోంది, ఏ నెలల్లో ఉంటోంది అని సర్వే చెయ్యడం జంతువు మీద జాలితో చేసే పని మాత్రమే అనుకోకండి. తర్వాత నష్టపరిహారం ఫైలు నడిపేదీ మీరే, శవాన్ని టెక్కలి ఆసుపత్రికో పలాసకో మోసేది మేమే.

మన హద్దుకి అవతల, ఒడిశా వైపు, మహేంద్రగిరిని ఆ ప్రభుత్వం 2022లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించింది. ఆ కొండల వరసకి కొసగా మిగిలినవే మన వైపు మెట్టలు. ఎలుగుకి రాష్ట్ర సరిహద్దు బోర్డు చదవడం రాదు.

"ఈ చిన్న మెట్ట మీద కొత్తగా ఏముంటుందయ్యా" అనేవాళ్ళ కోసం ఒక సంగతి. తూర్పు కనుమల్లో జయపురం ప్రాంతంలో దొరికిన ఒక నేలబల్లిని బెడ్డోమ్ అనే ఆంగ్లేయుడు 1870ల చివర్లో లోకానికి చెప్పాడు. ఆ తర్వాత నూటముప్ఫై ఏళ్ళకు పైగా అది ఎవరికీ కనబడలేదు, లేదనే అనుకున్నారు. ఇటీవలి కాలంలో మన తూర్పు కనుమల్లోనే కొందరు పరిశోధకులు పట్టుబట్టి వెతికితే మళ్ళీ దొరికింది. ఆ బల్లి మా మెట్ట మీద ఉందని చెప్పడం లేదు. వెతకనిచోట లేదు అని రాయడం ఎంత తేలికో చెప్తున్నాను.

ఇక లీజు విస్తీర్ణం లెక్కలు. ఇది మీకు నాకంటే బాగా తెలుసు. విడి లీజు ఐదు హెక్టార్లకి, అంటే పన్నెండెకరాల చిల్లరకి, లోపు ఉంటే పరిశీలన తేలిక అవుతుంది, అందుకే రాష్ట్రమంతా 4.9 హెక్టార్ల లీజులు పుట్టగొడుగుల్లా కనిపిస్తాయి. దీపక్ కుమార్ కేసులో 2012 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చింది ఇదే కదా, ఐదు హెక్టార్ల లోపు చిన్న ఖనిజాల లీజులకి కూడా పర్యావరణ అనుమతి ఉండాల్సిందేనని. ఐదొందల మీటర్ల లోపున్న లీజులన్నిటినీ కలిపి క్లస్టర్‌గా చూడాలని కేంద్ర పర్యావరణ శాఖ 2016 నోటిఫికేషన్ చెప్పింది. మా మెట్ట మీద పాత గొయ్యి, కొత్తగా అడుగుతున్న ముక్క, అవతలి వాలులో ఇంకొకరి లీజు, ఈ మూడూ పక్కపక్కనే ఉన్నాయి. వీటిని విడివిడిగా చూస్తే మూడు చిన్న గోతులు, కలిపి చూస్తే మెట్టే లేదు. దయచేసి కలిపి చూడండి. పాత గొయ్యికి పెట్టిన షరతుల మీద ఆరు నెలలకోసారి నివేదిక ఇవ్వాలి కదా, ఆ నివేదికలు పంచాయతీ గోడ మీద అతికించండి. పాత షరతులు ఎంతవరకు పాటించారో చూడకుండా కొత్త ముక్క ఇవ్వడం ఏం న్యాయం?

సర్వే ఎలా ఉండాలో కూడా చెప్పేస్తాను, ఎందుకంటే "సర్వే చేశాం" అని ఒక ఫోటో పెట్టేస్తారని టెన్షన్‌గా ఉంది. తొలకరిలో ఒకసారి, వానలు వెనకబట్టాక ఒకసారి, చలికాలంలో ఒకసారి తిరగాలి. చలికాలం ఎందుకంటే, తేలినీలాపురానికి వచ్చే గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు మన జిల్లాకి ఎంత ముఖ్యమో అందరికీ తెలుసు, ఆ పిట్టలు ఏ చెరువుల్లో మేస్తాయో, క్వారీ నుంచి కొట్టుకొచ్చే ఎర్రబురద ఏ చెరువులోకి దిగుతుందో రెండూ కలిపి చూడాలి కాబట్టి. వాలు మొత్తాన్ని గళ్ళుగా విడగొట్టుకుని ప్రతి బొరియని, ప్రతి పుట్టని జీపీఎస్‌తో గుర్తించాలి. పెంటికలు సేకరించాలి, ఎలుగు పెంట అయితే అందులో జీడి, పనస గింజలు, చెదల ముక్కలు కనిపిస్తాయి. బొరియల దగ్గర కెమెరాలు కట్టాలి. పాత గొయ్యి నిటారు గోడల్లో కన్నాలు చేసుకుని గూడు పెట్టే పచ్చటి తేనెటీగ పిట్టల్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. అవి ప్రమాదంలో ఉన్నవేమీ కాదు, కానీ గుడ్లు పెట్టే నెలల్లో ఆ గోడని తవ్వకుండా వదిలేస్తే లీజుదారుకి పోయేదేమీ లేదు. వన్యప్రాణి చట్టం పిట్టల గుడ్లని, గూళ్ళని చెదరగొట్టడాన్ని కూడా వేట కిందే లెక్కగడుతుంది, ఈ సంగతి చాలామంది సూపర్‌వైజర్లకి తెలియదు.

తీతువు పిట్ట సంగతి అడగకండి. అది గూడు కట్టదు, గ్రావెల్ మీదే చిన్న గుంట చేసి నాలుగు గుడ్లు పెడుతుంది, బూడిద రంగు మీద నల్ల మచ్చలు. కంకర రాళ్ళకీ గుడ్లకీ తేడా తెలియక నా కాలు పడబోతే తల్లి పిట్ట నెత్తి మీదికి వచ్చి నానా రభస చేసింది. అది అరవకపోతే నాకూ కనపడేవి కావు.

ఊళ్ళోవాళ్ళని అడగడం కూడా సర్వేలో భాగమే. మేకలు కాసేవాళ్ళు, కట్టెలకి వెళ్ళే ఆడవాళ్ళు, రాత్రి తోట కాపలా ఉండేవాళ్ళు, వీళ్ళకి ఫోటోలు చూపించి అడగాలి. మధ్యలో ఇక్కడ ఉండే వీలే లేని జంతువు ఫోటో ఒకటి కలపాలి, దానికి కూడా "ఆ చూశాను" అన్నవాళ్ళ మాట పక్కన పెట్టొచ్చు. మా మాటల్ని గుడ్డిగా నమ్మమని మేం అనడం లేదు, అడగకుండా వదలొద్దని అంటున్నాం. ఇంకో ముఖ్యమైన మాట: అలుగు బొరియలు ఎక్కడున్నాయో నంబర్లతో సహా అందరికీ పంచిపెట్టకండి, పొలుసుల బేరగాళ్ళకి దారి చూపించినట్టవుతుంది. ఆ మ్యాప్ అటవీ శాఖ దగ్గర ఉంచి, మిగతా నివేదిక బయటపెట్టండి.

సర్వే డబ్బు లీజుదారే ఇస్తాడు, సరే, కానీ సర్వే చేసేవాళ్ళని ఎంచేది అతను కాకూడదు. అటవీ శాఖ ఎంచాలి, లేదా మన వర్సిటీల్లో జంతుశాస్త్రం వాళ్ళని అడగాలి. జీతమిచ్చేవాడికి నచ్చని మాట ఏ కన్సల్టెంట్ రాస్తాడు?

మా పంచాయతీ పెద్దలకి కూడా ఒక మాట. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థకి ఒక జీవవైవిధ్య కమిటీ ఉండాలి, అది ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ రాయాలి. మన రిజిస్టర్ బీరువాలో ఉందో లేదో, ఉంటే అందులో మెట్ట గురించి ఒక్క పేజీ అయినా ఉందో లేదో తీసి చూడండి సర్పంచ్ గారూ. లేకపోతే ఈ వానాకాలంలోనే రాయిద్దాం, హైస్కూల్ పిల్లలు, సైన్సు మాస్టారు, ఆ మేకల తాత, అందరూ వస్తారు. మనమే రాసుకోనిది కన్సల్టెంట్ రాయలేదని తిట్టడం ఏం బావుంటుంది.

లీజుదారు గారికి: మీ మీద కోపం లేదు. సర్వేలో ఏమీ దొరక్కపోతే మీ పని మీరు నిశ్చింతగా చేసుకుంటారు, తర్వాత ఎవరు కేసు వేసినా మీ చేతిలో కాగితం ఉంటుంది. ఏదైనా దొరికితే అది మొత్తం మెట్ట ఆపెయ్యడమే అవ్వాలని లేదు. పుట్టలున్న ఉత్తరం వాలు వదిలి దక్షిణం వైపు తవ్వడం, రాత్రిళ్ళు లైట్లు, టిప్పర్లు ఆపడం, తవ్వే ముందు ప్రతి ముక్కనీ ఒకసారి తెలిసిన మనిషితో నడిచి చూడడం, ఇలాంటి దారులుంటాయి. దొరికినదాన్ని బట్టి వాలు మొత్తం వదిలెయ్యాల్సి కూడా రావచ్చు, ఆ మాట ముందే చెప్పడం మర్యాద. తవ్వడం మొదలుపెట్టి సగంలో ఆపుకునే కంటే ఇప్పుడు తెలిస్తే మీకే మిషన్ల వాయిదాలు కలిసొస్తాయి.

కలెక్టర్ గారూ, ప్రజాభిప్రాయ సేకరణ పెడితే రూల్ ప్రకారం కనీసం ముప్ఫై రోజుల ముందు పేపర్లో వెయ్యాలి, నివేదిక సారాంశం తెలుగులో కూడా ఉండాలి. ఆ తెలుగు సారాంశంలో జంతువుల జాబితా మొత్తం తెలుగు పేర్లతో వేయించండి, పక్కన ఏ తేదీన, ఏ టైముకి, మెట్ట మీద ఏ పక్క చూశారో రాయించండి. లాటిన్ పేర్లతో పట్టిక వేస్తే మేకల తాత ఏది తప్పో ఎలా చెప్తాడు? సభ పొద్దున్న పదకొండుకి కాకుండా సాయంత్రం పెట్టండి, జీడి పనులకి వెళ్ళినవాళ్ళు అప్పటికి వస్తారు. ఆ పుట్టల దగ్గరికి ఎవరైనా అధికారి వస్తానంటే తోడు వచ్చి చూపించడానికి మేం సిద్ధం. కాకపోతే చీకటి పడ్డాక రావాలి, టార్చి, గట్టి బూట్లు తెచ్చుకోవాలి.

ఇట్లు,
ఉద్దానం జీడి రైతు ఒకరు, తోటి ఊరివాళ్ళ తరఫున